ఒకటో తరగతి పిల్లల్ని రెండో తరగతికి, మూడో తరగతికి కూడా నేనే తీసుకుపోతానంటే తప్పా?

పలకబలపం (ఏప్రిల్ 18, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. నేను పల్నాడు జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. పోయిన ఏడాది మా బడి మోడల్ ప్రైమరీ స్కూల్ అయింది, తరగతికో టీచర్ వచ్చారు, నాకు ఒకటో తరగతి ఇచ్చారు. 26 మంది పిల్లలు.

అందులో ఒక బాబు ఉన్నాడు. దసరా సెలవుల దాకా బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. పేరు పిలిస్తే తల దించుకుని చొక్కా గుండీ నములుతూ నిలబడేవాడు, గట్టిగా అడిగితే కళ్లల్లో నీళ్లు. వాళ్ల అమ్మానాన్నలు గుంటూరులో పనికి పోతారు, వీడు నాయనమ్మ దగ్గర ఉంటాడు. ఒకరోజు సాయంత్రం వాళ్లింటి మీదుగా వెళ్తుంటే మేకలు తోలుకొస్తూ కనిపించాడు. మర్నాడు లెక్కల పీరియడ్లో పక్కన కూర్చుని చిన్నగా, మీ మేకలెన్నిరా అన్నాను. "పదకొండు. ఒకటి చూడిది" అన్నాడు. నాలుగు నెలల్లో నేను విన్న మొదటి మాట అది. అక్కణ్ణుంచి వాడికి కూడికలు, తీసివేతలు అన్నీ మేకలతోనే. మ, య తేడా తెలిసేది కాదు, పళ్లెంలో ఇసుక పోసి వేలితో దిద్దిస్తే పట్టుకున్నాడు. ఇప్పుడు గుణింతాలు చదువుతున్నాడు, వత్తులు ఇంకా రావు.

జూన్‌లో వాడు రెండో తరగతికి వెళ్తాడు. అక్కడి టీచర్ చాలా మంచావిడే, ఆవిడ మీద నాకేం లేదు. కానీ మొదటిరోజు వాణ్ణి లేపి పేరు అడుగుతారు, వాడు మళ్లీ గుండీ నోట్లో పెట్టుకుంటాడు. ఇసుక సంగతి, మేకల సంగతి ఆవిడకి తెలియడానికి ఎన్ని నెలలు పడుతుందో. ప్రోగ్రెస్ కార్డులో అవి రాయడానికి గడి లేదు.

అందుకే మా హెచ్ఎం గారిని అడిగాను, ఈ పిల్లల్ని మూడో తరగతి దాకా నాకే ఉంచండి అని. చూద్దాం అన్నారు. స్టాఫ్‌లో ఇద్దరికి ఇష్టం లేదు. ఇలా చేసినవాళ్లు, చూసినవాళ్లు ఎవరైనా ఉంటే మంచీ చెడూ రెండూ చెప్పండి.

తంగేడుపువ్వు (ఏప్రిల్ 18, రాత్రి 10:05)

మేడమ్, మీరు అడుగుతున్నది కొత్తదేం కాదు, మన బడుల్లో ఎప్పట్నుంచో జరుగుతోంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు అంటే ఏం చేస్తాం? ఒకరు ఒకటి రెండు చూస్తారు, ఇంకొకరు మూడు నాలుగు ఐదు చూస్తారు. అంటే పిల్ల రెండేళ్లు ఒకరి దగ్గర, మూడేళ్లు ఇంకొకరి దగ్గర. నేను కరీంనగర్ జిల్లాలో తొమ్మిదేళ్లు ఇట్లనే చేసిన. మనుషులు లేక జరిగేదాన్ని మీరు కావాలని చేద్దామంటున్నరు, తేడా అంతే. కావాలని చేస్తే పద్ధతిగా చేయొచ్చు, అది మంచిదే.

పాఠ్యప్రణాళిక (ఏప్రిల్ 19, ఉదయం 6:48)

నేను ఒప్పుకోను. 17 ఏళ్లుగా టీచర్‌ని, అందులో 11 ఏళ్లు ఒకటో తరగతే. ఒకటో తరగతి చెప్పడం వేరే విద్య. పలక పట్టించడం, అక్షరం గుర్తుపట్టించడం, ఇంటిబెంగ పోగొట్టడం, ఏ పిల్లకి వినపడట్లేదో ఏ పిల్లాడికి కనపడట్లేదో కనిపెట్టడం, ఇవన్నీ ఏళ్ల మీద వస్తాయి. నాకు మొదటి మూడేళ్లు చేతకాలేదు, నాలుగో ఏడు నుంచి చెయ్యి తిరిగింది. అలాంటి టీచర్‌ని పిల్లలతో పాటు పైకి పంపిస్తే జూన్‌లో కొత్తగా వచ్చే 25 మందికి ఎవరు? ఐదో తరగతి చెప్పి చెప్పి అలవాటైన సారు వచ్చి కూర్చుంటారు. ఆయనకి అఆలు దిద్దించే ఓపిక ఉండాలిగా.

పైగా ప్రతి ఏడూ కొత్త సిలబస్, కొత్త టీఎల్ఎం (బోధన సామగ్రి), కొత్త వర్క్‌బుక్కులు. ఒక తరగతికి తయారు చేసుకున్న ఫ్లాష్‌కార్డులు, చార్టులు పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి. మేడమ్ ఆ ఒక్క బాబు కోసం అడుగుతున్నారు, ఆవిడ మనసు నాకు అర్థమైంది. కానీ బడిలో ఏర్పాటు ఒక్కడి కోసం చేయలేం కదా.

పలకబలపం (ఏప్రిల్ 19, ఉదయం 7:20)

మీ మాటలో న్యాయం ఉంది అక్కా. మా స్టాఫ్‌లో ఇద్దరు అన్నదీ ఇదే. ఆ బాబు పేరు చెప్పి మొదలుపెట్టాను గానీ 26 మందిలో అలాంటి సంగతి లేని పిల్ల ఒక్కరూ లేరు. ఒక పాపకి ఎడమ చెవి సరిగా వినపడదు, కుడివైపు కూర్చోబెట్టి చెప్పాలి. ఇంకో పాప భోజనం తర్వాత తప్ప చదవదు, పొద్దున ఖాళీ కడుపుతో వస్తుంది.

ఏజెన్సీ మాస్టారు (ఏప్రిల్ 19, సాయంత్రం 5:30)

అమ్మా, నేను రిటైరై ఆరేళ్లయింది. ఏజెన్సీలో ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేశాను, వరసగా ఏడేళ్లు ఒకే ఊళ్లో. ఒకే గది, ఒకే వరండా, ఒకటి నుంచి ఐదు దాకా 31 మంది. నేను ఆ ఊరు వెళ్లిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన ఏడుగురు నా చేతుల మీదుగానే ఐదు పూర్తి చేశారు. కాబట్టి ఈ విషయంలో నాకు తెలిసింది చెప్పొచ్చు అనుకుంటున్నాను.

మంచి ముందు చెప్తాను. ఆ పిల్లల ఇంటిభాష కోయ. మొదటి ఏడాది నేను తెలుగులో చెప్పింది వాళ్లకి సగం కూడా ఎక్కలేదు, వాళ్లు చెప్పింది నాకు అసలే ఎక్కలేదు. రెండో ఏటికి నాకు కొన్ని మాటలొచ్చాయి, వాళ్లకి కొన్ని. మూడో ఏటికి బడిలో మాకొక భాష తయారైంది, సగం కోయ, సగం తెలుగు. ఏడాదికో మాస్టారు మారే ఊళ్లలో ఈ పని ప్రతి జూన్‌లో మళ్లీ మొదటికొస్తుంది. పిల్లల ఇంటిభాష రాని చోట టీచర్ నిలకడగా ఉండటం కంటే పెద్ద బోధనోపకరణం లేదు, ఇది నేను ఎక్కడైనా చెప్తాను.

ఇప్పుడు చెడు. నాకు లెక్కల్లో భిన్నాలు చెప్పడం సరిగా వచ్చేది కాదు. నాకు వచ్చు, చెప్పడం రాదు. నాలుగో తరగతిలో ఆ పాఠం వచ్చేసరికి గబగబా రెండు లెక్కలు బోర్డు మీద చేసి ముందుకెళ్లిపోయేవాణ్ణి. ఐదో తరగతిలోనూ అంతే. ఆ ఏడుగురూ ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతికి వెళ్లాక అక్కడి లెక్కల మాస్టారు నాకు కబురు పెట్టారు, మీ ఊరి పిల్లలకి అన్నీ వచ్చు, సగం, పావు, ముప్పావు మాత్రం ఎవరికీ రావు అని. ఏడుగురికీ! వేరే టీచర్ మధ్యలో ఒక్క ఏడాది వచ్చి ఉంటే నా లోటు తీరేది. అది ఇప్పటికీ గుర్తొస్తే బాధే.

ఉంటే ఉండమ్మా, మూడేళ్లు ఉండు. కానీ నీకు ఏది చెప్పడం రాదో ముందు నువ్వు తెలుసుకుని, ఆ ఒక్కటి పక్క టీచర్‌తో మార్చుకో. వాళ్లు నీ క్లాసుకి వారానికి రెండు పీరియడ్లు రావాలి, నువ్వు వాళ్ల క్లాసుకి వెళ్లాలి.

సీతాకోక (ఏప్రిల్ 19, రాత్రి 8:44)

మాస్టారు గారు రాసింది చదివి లాగిన్ అయ్యాను. నేను డిగ్రీ సెకండియర్. ఒకటి నుంచి ఐదు దాకా నాకు ఒక్కరే టీచర్, మా ఊళ్లో ఉన్నదే ఒక్కావిడ. మా అమ్మ చనిపోయినప్పుడు నేను మూడో తరగతి. పదకొండో రోజు అయ్యాక బడికి వెళ్తే టీచర్ ఏమీ అడగలేదు, ఓదార్చలేదు, రోజూ నేను కూర్చునే చోట పలక పెట్టి ఉంచారు. జడ ఎవరు వేశారు అని మాత్రం అడిగి, విప్పి మళ్లీ వేశారు. ఆవిడకి మా అమ్మ తెలుసు. ఒకటో తరగతిలో నన్ను బడికి ఎత్తుకొచ్చింది మా అమ్మేనని తెలుసు. ఆ ఏడాది కొత్త టీచర్ అయితే నేను ఎవరో కూడా తెలిసేది కాదు.

కానీ ఆరో తరగతిలో హైస్కూల్‌కి వెళ్లాక ఘోరంగా అయింది. గంటకో సారు, ఎవరి గొంతూ అలవాటు లేదు, ఎవరిని అడగాలో తెలియదు. ఆరు నెలలు ఏమీ చదవలేదు. ఐదేళ్లు ఒకరి దగ్గరే ఉంచితే ఆ తర్వాతి మార్పుకి పిల్లల్ని ఎవరో ఒకరు సిద్ధం చేయాలి మేడమ్. ఇది మాత్రం మర్చిపోవద్దు.

కూకట్‌పల్లి నాన్న (ఏప్రిల్ 20, మధ్యాహ్నం 1:15)

టీచర్లందరూ టీచర్ల వైపు నుంచి చెప్తున్నారు, తండ్రిగా నా వైపు నుంచి కూడా వినండి. మా పాప ఇక్కడ ఒక ప్రైవేట్ స్కూల్లో చదువుతోంది. రెండో తరగతిలో క్లాస్ టీచర్ చాలా కఠినం. రాత బాగాలేదని అందరి ముందు నోట్‌బుక్ ఎత్తి చూపించేవారు. మా పాప రాత్రిళ్లు నిద్రలో లేచి ఏడ్చేది, పొద్దున్నే కడుపునొప్పి అనేది. రెండుసార్లు వెళ్లి మాట్లాడాం, పాప సెన్సిటివ్ అండీ అన్నారు. మాకు ఉన్న ఒకే ఒక్క ఊరట మార్చి వస్తే అయిపోతుంది, మూడో తరగతిలో వేరే టీచర్ అని. క్యాలెండర్‌లో రోజులు లెక్కపెట్టాం. ఆవిడే ఇంకో రెండేళ్లు అంటే మేం ఏం చేయాలి? స్కూల్ మార్చాలా, కట్టిన ఫీజు వదులుకోవాలా?

మంచి టీచర్ మూడేళ్లు ఉంటే వరం, సరే. పడని టీచర్ మూడేళ్లు ఉంటే పిల్ల బాల్యంలో సగం పోతుంది. దీనికి జవాబు చెప్పకుండా మిగతావి ఎన్ని చెప్పినా నేను ఒప్పుకోలేను.

రాలీ తెలుగు (ఏప్రిల్ 20, రాత్రి 11:50)

అన్నా, మీ ప్రశ్నకి మా దగ్గర చూసిన జవాబు చెప్తాను. మేం నార్త్ కరోలినాలో ఉంటాం. ఇక్కడ దీన్ని లూపింగ్ అంటారు. అన్ని బడుల్లో ఉండదు, కొన్ని చోట్ల ఒక టీచర్ ఒప్పుకుంటే చేస్తారు. మా అబ్బాయికి రెండు, మూడు తరగతులకి ఒకే టీచర్. రెండో తరగతి చివర్లో ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది, ఈ టీచర్‌తోనే కొనసాగడం మీకు ఇష్టమేనా, కాకపోతే వేరే సెక్షన్‌లో వేస్తాం, కారణం చెప్పక్కర్లేదు అని. మేం ఉంటాం అన్నాం. ముగ్గురు పిల్లలు మారారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. కారణం అడగకపోవడమే అందులో ముఖ్యం అనిపించింది, అడిగితే ఏ తల్లీ టీచర్ మీద చెప్పదు, పిల్ల అక్కడే ఉండాలి కదా అని భయపడుతుంది.

ఇంకో సంగతి. మా రాష్ట్రం బడుల లెక్కలే తీసుకుని ఆండ్రూ హిల్, డేనియల్ జోన్స్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్లు 2018లో ఒక పరిశోధన వేశారు. ఒకే టీచర్ దగ్గర రెండో ఏడాది కూడా చదివిన ప్రాథమిక తరగతుల పిల్లల మార్కులు కొద్దిగా పెరిగాయని తేలింది. కొద్దిగానే, అద్భుతాలేం లేవు. ఎక్కువ లాభపడింది మైనారిటీ వర్గాల పిల్లలు. 2022లో టెనెసీ రాష్ట్రం లెక్కలతో ఇంకో పరిశోధన వచ్చింది, అందులో మార్కులతో పాటు పిల్లల గైర్హాజరు తగ్గిందని, క్లాసులో పాత పిల్లలు ఎంత ఎక్కువ మంది ఉంటే ఫలితం అంత ఎక్కువని ఉంది. అంటే మేడమ్ చెప్పినట్టు క్లాసు మొత్తాన్ని తీసుకుపోవడమే మంచిది, ఇద్దరు ముగ్గుర్ని కాదు.

కూకట్‌పల్లి నాన్న (ఏప్రిల్ 21, ఉదయం 8:02)

కారణం అడక్కుండా మార్చే వీలు ఉంటే నాకు అభ్యంతరం లేదు. కానీ పల్లెటూరి బడిలో సెక్షన్ ఒకటే కదా, ఎక్కడికి మారుస్తారు?

మ్యూనిక్ అమ్మ (ఏప్రిల్ 21, మధ్యాహ్నం 2:30)

ఇక్కడ జర్మనీలో చాలా చోట్ల ప్రాథమిక బడి నాలుగేళ్లు. మా అమ్మాయికి ఒకటి రెండు తరగతులు ఒక టీచర్, మూడు నాలుగు ఇంకో టీచర్. రెండేళ్లకి మార్పు అనే పద్ధతి నాకు నచ్చింది. పిల్లకి అలవాటయ్యే టైమ్ దొరుకుతుంది, పడకపోతే రెండేళ్లలో బయటపడుతుంది. కాకపోతే ఇక్కడ నాలుగో తరగతి అయ్యాక పిల్లల్ని వేర్వేరు రకాల బడులకి పంపిస్తారు, ఏ బడికి వెళ్లాలన్నదాంట్లో ఆ టీచర్ వేసే మార్కులే కీలకం. రెండేళ్లుగా ఒక పిల్ల మీద ఒక అభిప్రాయం పడిపోయాక అది మారడం కష్టం. మూడో తరగతిలో మా అమ్మాయికి జర్మన్ బాగా రాదు అని పడిన ముద్ర, భాష వచ్చేశాక కూడా చాలా రోజులు పోలేదు. టీచర్‌కి పిల్ల తెలియడం మంచిదే గానీ, పోయిన ఏటి పిల్లే ఇప్పటికీ ఉందనుకోకూడదు. పిల్లలు ఒక్క వేసవిలో ఎంత మారిపోతారో మనందరికీ తెలుసు.

అన్నట్టు, ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒకే క్లాస్ టీచర్ ఉండే వాల్డార్ఫ్ బడులు పుట్టింది కూడా ఈ దేశంలోనే, 1919లో స్టుట్‌గార్ట్‌లో, సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం మొదలైంది. హైదరాబాద్‌లో కూడా ఆ పద్ధతి బడులున్నాయి. ఎనిమిదేళ్లు మాత్రం నాకు మరీ ఎక్కువనిపిస్తుంది.

హార్స్‌లీ కొండ (ఏప్రిల్ 21, రాత్రి 9:17)

ఇంత చర్చలో మన పక్కనే ఉన్నదాన్ని ఎవరూ తలచుకోలేదు. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడుపుతారు. ఒక టీచర్, అన్ని తరగతుల పిల్లలు కలిసి. పుస్తకం బదులు కార్డులు, గోడ మీద నిచ్చెన బొమ్మ ఉంటుంది, ఎవరు ఎక్కడి దాకా వచ్చారో ఆ పిల్లే చూసుకుని తర్వాతి కార్డు తీసుకుంటుంది. ట్రైనింగ్‌లో భాగంగా నేను రెండు వారాలు వెళ్లి కూర్చున్నాను. అక్కడ జూన్ అనేది పెద్ద సంగతి కాదు. ఏప్రిల్‌లో ఏ కార్డు దగ్గర ఆగిందో సెలవులయ్యాక అక్కణ్ణుంచే మొదలు. నెల రోజులు ఊరెళ్లొచ్చిన పిల్ల కూడా అంతే, తను వదిలిన మెట్టు మీద నుంచే ఎక్కుతుంది. కర్ణాటకలో నలికలి అని 1995లో హెచ్.డి. కోటె తాలూకాలో మొదలైంది కూడా దీన్ని చూసే, అక్కడ ఒకటి రెండు మూడు తరగతులు కలిపి కూర్చోబెడతారు.

పాఠ్యప్రణాళిక మేడమ్ అన్న కష్టానికి ఇందులో కొంత జవాబుంది. టీచర్‌ని పైకి పంపించి కిందవాళ్లకి లేకుండా చేయడం ఎందుకు, ఒకటి రెండు తరగతులు కలిపి ఇద్దరు టీచర్లు చూసుకోవచ్చు. పిల్ల రెండేళ్లు ఉంటుంది, టీచర్ అక్కడే ఉంటారు, ఒకటో తరగతి చెప్పే చెయ్యి ఎక్కడికీ పోదు. పెద్దపిల్లలు చిన్నవాళ్లకి చెప్పడం అదనపు లాభం. నూతన విద్యావిధానం 2020లో మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అని పెట్టారు, ఒకటి రెండు తరగతులు అందులోకే వస్తాయి. దశ ఒకటే అన్నప్పుడు మధ్యలో టీచర్‌ని మార్చే గోడ ఎందుకు?

పాఠ్యప్రణాళిక (ఏప్రిల్ 22, ఉదయం 6:30)

తమ్ముడూ, ఈ మాట బాగుంది. ఇది నాకు కొత్తగా తోచింది. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో, అక్కడ కార్డులు ఏళ్ల తరబడి కూర్చుని తయారు చేశారు. మనకి టైమ్‌టేబుల్ ప్రకారం పాఠం అయిందా లేదా అని కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బడుల టీచర్ల సమావేశంలో) అడుగుతారు, ఎఫ్ఏ పరీక్షలు తరగతి వారీగా వస్తాయి. రెండు తరగతులు కలిపి కూర్చోబెడితే తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అడిగేది ఇదేమిటనే.

తంగేడుపువ్వు (ఏప్రిల్ 22, రాత్రి 10:40)

అందరూ టీచర్ ఉండాలా వద్దా అంటున్నరు, అసలు ఉండనిస్తరా అన్నది ఎవరూ అడుగుతలేరు. 2024 జూన్‌ చివర్ల మా తెలంగాణల ఎస్జీటీల బదిలీలు జరిగినయి. ఏళ్ల తరబడి ఆగినవి ఒక్కసారే వచ్చినయి. ఒకే చోట ఎనిమిదేళ్లు నిండినవాళ్లు కదలాల్సిందే, నాకు తొమ్మిది నిండినయి. బడులు తెరిచి మూడు వారాలైనా కాలేదు. మూడో తరగతి పిల్లలతోని తొలిమెట్టు అనే చదవడం, రాయడం, లెక్కల సర్కారు కార్యక్రమంలో సంవత్సరన్నర కూర్చుని, చదవడం ఇప్పుడిప్పుడే వస్తున్నది అనుకునే టైమ్‌కి ఆర్డర్ వచ్చింది. రిలీవ్ అయ్యే రోజు పిల్లలు గేటు వేసి తాళంచెవి దాచిపెట్టిన్రు. నలభై నిమిషాలు వెతికినం. చివరికి ఒక పిల్ల తన లంచ్ బాక్సులోంచి తీసి ఇచ్చింది, నా మొహం చూడకుండ.

నేను బదిలీలకు వ్యతిరేకం కాదు, మారుమూల ఊళ్లలో ఏళ్లకేళ్లు పనిచేసినవాళ్లకు రోడ్డు పక్క బడి రావాలె, భార్యాభర్తలు ఒక దగ్గర ఉండాలె. నేను అడిగేది ఒక్కటే, ఏప్రిల్, మే నెలల్ల చేయండి. బడి మొదలైనంక పిల్ల ముందు నుంచి మనిషిని తీసుకపోవద్దు. మధ్యలో పని సర్దుబాటు పేరుతోని డిప్యుటేషన్లు కూడా అంతే. మూడేళ్ల ప్లాన్ వేసుకునే ముందు మీ సర్వీస్ ఎన్నేళ్లయిందో చూసుకోండి మేడమ్.

పలకబలపం (ఏప్రిల్ 22, రాత్రి 11:05)

ఆ తాళంచెవి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను అన్నా. నాకు ఈ బడిలో నాలుగేళ్లే అయింది, మా వైపు కూడా ఎనిమిదేళ్లే కాబట్టి ఇంకా టైమ్ ఉంది.

మా పిల్లల విషయంలో ఇంకోటి చెప్పాలి. 2022 జూన్‌లో 117 జీవో వచ్చాక మా ఊరి మూడు నాలుగు ఐదు తరగతులు కిలోమీటరు లోపున్న హైస్కూల్‌కి వెళ్లిపోయాయి. ఎనిమిదేళ్ల పిల్లలకి పీరియడ్‌కో సబ్జెక్ట్ టీచర్. సబ్జెక్ట్ బాగా వచ్చినవాళ్లే, అందులో అనుమానం లేదు. కానీ మా దగ్గర రెండో తరగతి దాకా గలగలా మాట్లాడిన ఒక పాప అక్కడ వెనక బెంచీలో చేరిపోయింది, సగం ఏడాది బడికి రాలేదు, రాలేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆరుగురు చూసే పిల్లని ఎవరూ చూడరు. 2025లో ఆ జీవో తీసేసి తరగతికో టీచర్ అన్నప్పుడు మేమంతా ఎంత సంతోషించామో. ఒక టీచర్ ఉండటంలో ఉన్న బలం అప్పుడే తెలిసింది, అందుకే ఆ ఒక టీచర్ ఇంకో ఏడాది ఉంటే అనిపించింది.

రాలీ తెలుగు (ఏప్రిల్ 23, ఉదయం 7:10)

మీరన్నదానికి దగ్గరగా ఒకటి. హ్యూస్టన్‌లో ప్రాథమిక బడుల్లో ఒక్కో సబ్జెక్ట్‌కి ఒక్కో టీచర్‌ని పెట్టి చూశారు, ఎవరికి ఏది బాగా వస్తే వాళ్లతో అదే చెప్పించారు. రోలాండ్ ఫ్రయర్ అనే ఆయన 2018లో ఫలితాలు ప్రచురించారు. మార్కులు పెరగలేదు, తగ్గాయి. టీచర్‌కి ఒక్కో పిల్ల మీద పెట్టే శ్రద్ధ తగ్గడం అందుకు ఒక కారణం కావచ్చని రాశారు. భిన్నాలకి పక్క టీచర్‌ని పిలవమన్న మాస్టారి సలహా మంచిదే, వారానికి రెండు పీరియడ్ల దాకా అయితే. అన్నీ పంచుకుంటే మాత్రం మళ్లీ హైస్కూలే అవుతుంది.

వలస దారి (ఏప్రిల్ 24, రాత్రి 9:55)

చాలా ఆలస్యంగా చూశాను. మా మండలం నుంచి ప్రతి ఏడూ ఇటుక బట్టీలకి, చెరకు నరకడానికి కుటుంబాలు వెళ్తాయి. సంక్రాంతి తర్వాత మా బడిలో నాలుగో వంతు పిల్లలు ఉండరు, జూన్‌లో కొందరు వస్తారు, కొందరు ఆగస్టులో వస్తారు. ఒకే టీచర్, ఒకే జట్టు అని మూడేళ్లు నడిపితే, మధ్యలో వచ్చే పిల్ల పెళ్లింట్లో పిలవని చుట్టం లాగా నిలబడుతుంది. అందరికీ అన్నీ తెలుసు, పాట తెలుసు, టీచర్ కనుసైగ తెలుసు, ఈ పిల్లకి ఏదీ తెలియదు. మీరు ఏ ఏర్పాటు చేసినా కొత్తగా వచ్చేవాళ్లకి జతగా ఒక పాత పిల్లని పెట్టండి.

ఇంకోవైపు, వెళ్లి తిరిగొచ్చే పిల్లకి మాత్రం పాత టీచరే కనిపించాలి. నా దగ్గర చదివిన ఒకడు ఐదు నెలలు బట్టీ దగ్గర ఉండి వచ్చి గుమ్మంలో నిలబడి, లోపల నేనే ఉన్నానో లేదో చూసి అప్పుడు చెప్పులు విడిచాడు.

పలకబలపం (జూన్ 17, రాత్రి 8:30)

అందరికీ నమస్కారం. ఏమైందో చెప్దామని వచ్చాను, ఆలస్యమైంది.

ఏప్రిల్ ఆఖరి పనిదినం రోజు హెచ్ఎం గారు స్టాఫ్ మీటింగ్ పెట్టారు. మీ మాటలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. మూడేళ్లు ఎవరూ ఒప్పుకోలేదు. ఒకటి నుంచి రెండుకి నేను వెళ్లడానికి, మూడో తరగతి సంగతి వచ్చే ఏప్రిల్‌లో చూడటానికి ఒప్పుకున్నారు. రెండో తరగతి మేడమ్ ఒకటో తరగతికి వచ్చారు. ఆవిడకి పదేళ్ల కిందట ఒకటో తరగతి చెప్పిన అనుభవం ఉంది, మొదటి మూడు నెలలు ఉదయం ఒక గంట నేను వాళ్ల గదిలో, ఆవిడ నా గదిలో. పాఠ్యప్రణాళిక అక్కా, ఇది మీరు అడిగినందుకే పెట్టుకున్నాం. లెక్కల్లో స్థానవిలువలు నేను తడబడతాను, అవి నాలుగో తరగతి సారు వారానికి రెండుసార్లు వచ్చి చెప్తారు.

తల్లిదండ్రులతో కూడా మాట్లాడాం. కూకట్‌పల్లి అన్న అడిగినట్టు మాకు రెండో సెక్షన్ లేదు, కాబట్టి ఇష్టం లేనివాళ్లు ఎవరైనా హెచ్ఎం గారికి విడిగా చెప్తే, ఆ పిల్ల చదవడం రాయడం వరకు వేరే టీచర్ దగ్గర కూర్చునేలా చూస్తామన్నారు, నాకు కారణం చెప్పరు. ఒకరు హెచ్ఎం గారికి అలా చెప్పారు. ఎవరన్నది పిల్ల గది మారినప్పుడే తెలిసింది. నాకు చాలా కష్టంగా అనిపించింది, ఆ పాపని నేను ఎక్కడ నొప్పించానో ఎంత ఆలోచించినా తట్టలేదు. కానీ ఆ తల్లి చెప్పగలిగింది, అది మంచిదే. అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

12న బడి తెరిచాం. మేకల బాబు రాలేదు. 13న కూడా రాలేదు. సాయంత్రం వాళ్లింటికి వెళ్తే నాయనమ్మకి జ్వరం, వీడే మేకల్ని చూసుకుంటున్నాడు. నన్ను చూసి పాక వెనక్కి పోయాడు, మళ్లీ వచ్చాడు. నేనేమీ అడగలేదు. వాడే అన్నాడు, "పదమూడు" అని. 15 నుంచి వస్తున్నాడు. సెలవుల్లో మ, య మళ్లీ కలిసిపోయాయి, ఇసుక పళ్లెం బయటికి తీశాను.

వలస దారి గారూ, ఈ ఏడు కొత్తగా ముగ్గురు చేరారు, జతలు పెట్టాను. ఒక జత కుదరలేదు, మార్చాలి.

ఏజెన్సీ మాస్టారు (జూన్ 17, రాత్రి 9:40)

సంతోషం అమ్మా. స్థానవిలువలకి పుల్లల కట్టలు వాడు. పది పుల్లలకి ఒక రబ్బరు బ్యాండ్, పది కట్టలకి ఒక తాడు. చీపురుపుల్లలు వద్దు, విరిగిపోతాయి, కందికంప ఎండినది దొరికితే తెప్పించు. కట్టడం విప్పడం పిల్లలే చేయాలి, నువ్వు చేయొద్దు. పదిహేనులోంచి ఎనిమిది తీయమను, కట్ట విప్పక తప్పదు, అక్కడ తెలుస్తుంది.

పలకబలపం (జూన్ 17, రాత్రి 9:52)

కందికంప మా ఊళ్లో బోలెడు మాస్టారు గారూ. రేపే తెప్పిస్తాను. సారు వచ్చేది బుధ, శుక్రవారాలు, ఆ రెండు రోజులూ నేను కూడా వెనక కూర్చుని నేర్చుకుంటున్నాను. ఎఫ్ఏ-1 అయ్యాక మళ్లీ రాస్తాను.